మ్యూజియం విద్య: గోదావరి ఊళ్లలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. పక్కనే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, కాస్త దూరంలో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉన్నాయి. వస్తువులకు మనకు కొదవ లేదు. వాటిని బడి పిల్లల చదువుకు కలిపే ఏర్పాటే వెనకబడి ఉంది. అందుకు డబ్బు లేకపోవడం ఒక కారణమైతే, ఈ పని మీద జనంలో ఉన్న అపోహలు అంతకంటే పెద్ద కారణం.

అపోహ: గైడ్ ఉంటే చాలు, మ్యూజియంలో చదువు జరుగుతున్నట్టే.

గైడ్ చెప్పేది రాకపోకల మధ్య ఓ గంట మాత్రమే. అసలు పని అంతకు రెండు వారాల ముందు మొదలవుతుంది. ముందు మాస్టారు గానీ టీచరమ్మ గానీ ఒంటరిగా వచ్చి గదులన్నీ తిరగాలి. తరగతి పాఠానికి అతికే ఆరు వస్తువులను మ్యూజియం వాళ్లతో కూర్చుని ఎంచుకోవాలి. వాటిలో ఒక్కదాని ఫొటోను మాత్రం ముందే తరగతిలో చూపించి, పిల్లల చేత ప్రశ్నలు రాయించాలి. మ్యూజియం చూసొచ్చిన వారంలోపు ఒక పీరియడ్ కేటాయించి, తమకు నచ్చిన వస్తువు పక్కన పెట్టే చీటీని నలభై మాటల్లో రాయమనాలి. ఈ చివరి పని ఎగ్గొట్టే బడులే ఎక్కువ. అప్పుడు పిల్లలకు బస్సులో పాడిన పాటలు తప్ప ఇంకేమీ గుర్తుండవు.

బస్సులో అరవై మంది వస్తే పదిహేను మంది చొప్పున నాలుగు జట్లు చేయాలి, జట్టుకో పెద్దమనిషి ఉండాలి. నాలుగు చోట్ల ఇరవై నిమిషాల చొప్పున, మారడానికి పట్టే సమయంతో కలిపి గంటన్నరలో అయిపోవాలి. నాలుగు జట్లూ మొదటి గదిలోనే మొదలుపెడితే అక్కడే తోపులాట అవుతుంది, వెనకున్నవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఒక్కో జట్టు ఒక్కో గదిలో మొదలుపెట్టాలి. మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడో దిగీ దిగగానే చూపించాలి. ఇది చిన్న విషయంగా తీసుకోవద్దు. ఆడపిల్లలు ఇబ్బందిపడుతూ నిలబడితే ఏ శాసనమూ బుర్రకెక్కదు.

అపోహ: ఎన్ని ఎక్కువ వస్తువులు చూపిస్తే అంత ఎక్కువ నేర్చుకుంటారు.

ఒక్క రాగిరేకుల శాసనం ముందు పిల్లల్ని ఇరవై నిమిషాలు నిలబెట్టి చూడండి. తూర్పు చాళుక్యుల శాసనమైతే రేకులన్నీ ఒక రింగుకు గుచ్చి ఉంటాయి. రింగు కొసలు కలిసేచోట ముద్ర, అందులో వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు. మొదటి రేకు పైవైపు, చివరి రేకు వెనకవైపు మామూలుగా ఖాళీగా ఉంటాయి. ఎందుకని అడగండి, జవాబు చెప్పేయకండి. బయటి వైపు రాస్తే అరిగిపోతుందని పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. చాలా రేకుల అంచులు కాస్త పైకి లేచి ఉండేదీ అందుకే, అక్షరాలు ఒకదానికొకటి రాసుకోకుండా.

ఆ తర్వాత శాసన పాఠాన్ని ఇప్పటి తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో అచ్చు వేసి చేతికివ్వాలి. ఇంట్లో ఉండే పొలం దస్తావేజు లాంటిదే ఇది: ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు, ఏ ఊరు, నాలుగు ఎల్లలు ఏవి, అమలు చేయించే ఆజ్ఞప్తి ఎవరు, రచించిందెవరు, దానాన్ని కాజేస్తే తగిలే శాపమేమిటి. ఒక్కోదాన్నీ ఒక్కో రంగు పెన్సిల్‌తో గీతగీయమనండి. కోనసీమ పిల్లలకైతే నన్నయ రచించిన నందంపూడి శాసనం (1053) తీసుకోవాలి. భారతం రాసిన కవి తమ పక్క ఊరి భూమి కాగితం కూడా రాశాడని తెలిస్తే తెలుగు పాఠం మీద వాళ్ల చూపే మారుతుంది.

అపోహ: ముట్టుకోనివ్వకపోతే పిల్లలకు ఏమీ రాదు. ముట్టుకున్నంత మాత్రాన రాయి, కంచు అరిగిపోతాయా?

ముట్టుకోవడం అవసరమే, అసలు వస్తువును మాత్రం కాదు. చేతి చెమటలోని ఉప్పు రాగి, కంచు మీద వేలిముద్రలుగా మిగిలి లోహాన్ని తినేస్తుంది. వేల చేతుల జిడ్డు తగిలి శిల్పం నల్లబడుతుంది. తాళపత్రాలకు, బట్టలకు, నీటిరంగుల బొమ్మలకు వెలుతురే శత్రువు. వాటి దగ్గర కాంతి 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూడాలి, తైలవర్ణ చిత్రాలకైతే 200 దాకా పర్వాలేదు. దామెర్ల గ్యాలరీలో కిటికీ తెర తీయమని పట్టుబట్టేవాళ్లకు సిబ్బంది ఈ కారణం చెప్పాలి. వెలుతురు చేసే నష్టం కొద్దికొద్దిగా పేరుకుంటుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు.

అందుకే చేతికిచ్చే వస్తువుల పెట్టె వేరుగా ఉండాలి. కొత్తగా చేయించిన నమూనాలు, సంగ్రహంలో నమోదు కాని పెంకుముక్కలు అందులో పెట్టాలి. మందపాటి దుప్పటి పరిచిన బల్ల ముందు పిల్లలు కూర్చునే పట్టుకోవాలి, రెండు చేతులతోనే. నిలబడి చేయి మార్చుకునేటప్పుడే పగిలేవి పగులుతాయి.

మన దగ్గర అన్నిటికంటే బాగా నడిచేది తాటాకు పని. లేతాకు, ముదురాకు కాకుండా మధ్యస్థంగా ఉన్న ఆకును ఈనె తీసి పట్టీలుగా కోసి, పసుపు వేసిన నీళ్లలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, బరువు కింద కొన్నాళ్లు అణచాలి. పచ్చి ఆకు మీద రాయిస్తే రెండు రోజుల్లో ముడుచుకుంటుంది, మన గాలిలో తేమకు బూజు పడుతుంది. గంటం బదులు జామెట్రీ పెట్టెలోని కంపాస్ మొన సరిపోతుంది. రాసేటప్పుడు అక్షరం కనిపించదు, కంగారుపడవద్దని ముందే చెప్పాలి. దీపం మసిని ఒక్క చుక్క నూనెతో కలిపి దూదితో రుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే అక్షరాలు నల్లగా తేలతాయి. నూనె ఎక్కువైతే మసి గీతలో నిలవకుండా అలుక్కుపోతుంది. ఆకు నార వెంట గట్టిగా గీత లాగితే ఆకు చీలుతుంది. గుండ్రంగా తిప్పితే నిలుస్తుందన్నది పిల్లలు తమ చేత్తోనే తెలుసుకుంటారు.

అపోహ: టచ్‌స్క్రీన్లు పెడితే మ్యూజియం ఆధునికమైపోతుంది.

ఏటి పక్క తేమలో, కరెంటు పోయి వచ్చే చోట, మరమ్మతుకు ఏటా డబ్బు కేటాయించకపోతే తెర నల్లగా మిగిలిపోతుంది. అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం, ఒక పెన్సిల్ ఎన్నేళ్లయినా పనిచేస్తాయి. పెన్ను మాత్రం లోపలికి రానివ్వకూడదు, సిరా మరక పోదు.

అపోహ: కాటన్ మ్యూజియంలో చెప్పడానికి కాటన్ దొర జీవిత చరిత్ర తప్ప ఇంకేముంది?

అక్కడ చెప్పాల్సింది నీటి చదువు. గోదావరి మీద కాటన్ కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరంలోనే ఎందుకు? దాని దిగువనే నది గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. చీలకముందే నీటిమట్టం పెంచితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ నీరు వెళుతుంది. పైగా వరదల్లో మేట వేసిన ఒండ్రు వల్ల ఏటి ఒడ్డు నేల ఎత్తుగా, దూరపు నేల పల్లంగా ఉంటుంది. కాలువను మెరక మీద తవ్వితే నీరు దానంతటదే పొలాలకు పారుతుంది, మురుగు కాలువ పల్లంలో పోతుంది.

దీన్ని చూపడానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న రేకు ట్రే చాలు. మూడంగుళాల మందాన తడి ఇసుక పరిచి, ఒక వైపు రెండంగుళాలు ఎత్తాలి. మధ్యలో నది తవ్వి, ఇరుపక్కలా గట్లు లేపి, ఒక గట్టు మీద సన్నటి కాలువ గీయాలి. మొదట చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోయాలి, కాలువలోకి చుక్క కూడా ఎక్కదు. అప్పుడు కాలువ తలకు కాస్త దిగువన నదికి అడ్డంగా చెక్కపట్టీ గుచ్చి మళ్లీ పోయాలి, ఈసారి నీరు కాలువలోకి ఎక్కుతుంది. ఇసుక పొడిగా ఉంటే నీటిని తాగేస్తుంది, వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది. తర్వాత పిల్లల్ని ఇప్పటి బ్యారేజీ 175 గేట్ల దగ్గరికి తీసుకెళితే ఏం చూస్తున్నారో వాళ్లకే తెలుస్తుంది. కాటన్‌తో పాటు, ఆనకట్ట పనిలో ఆయనకు తోడుగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా ఇక్కడ చెప్పాలి. శివారు భూముల రైతు ఒకరిని పిలిపించి, చివరి ఎకరాకు నీరు ఎందుకు అందదో ఆయన నోటే చెప్పిస్తే ఇంకా మంచిది. వరద రోజుల్లో మాత్రం పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లవద్దు. 10, 13, 17 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికలను తరగతిలోనే గ్రాఫ్ గీయించండి.

అపోహ: చిన్న మ్యూజియాలకు ఇదంతా సాధ్యం కాదు.

విడివిడిగా సాధ్యం కాదు, నిజమే. ఊరంతటికీ కలిపి ఒక సమన్వయకర్త, ఒకే బుకింగ్ క్యాలెండర్, చేతికిచ్చే వస్తువులతో బడుల మధ్య తిరిగే ఒక ట్రంకుపెట్టె ఉంటే సాధ్యమే. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలంది. ఆ రోజుల్లో రెండు మ్యూజియంకు అడగాలి. బడులన్నీ డిసెంబరు, జనవరిల్లోనే ఎగబడతాయి కాబట్టి తేదీలు జూన్‌లోనే పంచుకోవాలి. మామూలు రోజుల పట్టిక ఇప్పుడు కుదుర్చుకోలేకపోతే 2027 పుష్కరాల రద్దీలో అసలే కుదరదు.

అపోహ: పొలంలో దొరికిన పాత నాణెం తోమి తెస్తే మ్యూజియం వాళ్లు సంతోషిస్తారు.

చింతపండుతో తోమితే పైపొరతో పాటు అక్షరాలూ పోతాయి. మట్టితోనే, తడి తగలకుండా కాగితంలో చుట్టి ఉంచాలి. ఎక్కడ, ఎంత లోతున, ఏ రోజు దొరికిందో రాసి పెట్టుకోవాలి, చోటు తెలియని నాణేనికి చరిత్రలో సగం విలువ పోయినట్టే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ ఉత్తరం నమూనా ఒకటి ట్రంకుపెట్టెలో పెట్టి ఊళ్లకు పంపండి. పిల్లలు దాన్ని ఇంటికి తీసుకెళ్లి పెద్దవాళ్లకు చదివి వినిపిస్తారు.