ఎముకను కొరికే ఎంజైములు: అపోహలు, వాస్తవాలు

ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైముల మీద, అందులోనూ ఎముకలో పనిచేసేవాటి మీద పరిశోధన చేస్తానని చెప్పగానే ఎదుటివాళ్ల నుంచి దాదాపు ఎప్పుడూ ఒకటే మాట వస్తుంది: "అంటే ఎముకల్ని తినేసేవాటిని ఆపే మందు కనిపెడుతున్నారన్నమాట!" ఆ మాటలో సగం నిజమే ఉంది, చిక్కంతా మిగతా సగంతోనే.

అపోహ: ఎముక ఒకసారి గట్టిపడితే ఇక మారదు.

పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు 10 శాతం కొత్తదవుతుంది. పాత ఎముకను ఆస్టియోక్లాస్టులనే కణాలు తవ్వేస్తే, ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటను పూడుస్తాయి. ఒక చోట తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది కానీ పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తవ్వేవాళ్లు కాస్త జోరు పెంచితే కట్టేవాళ్లు అందుకోలేరు, ఎముకలు గుల్లబారేది అలాగే.

అపోహ: ఎముక అరగడమంటే కాల్షియం కరగడమే.

కాల్షియం సగం కథే. ఖనిజాన్ని తీసేస్తే మిగిలే భాగంలో దాదాపు 90 శాతం టైప్ 1 కొలాజెన్, మూడు పేటలు కలిపి బిగించి పేనిన తాడులాంటి ప్రోటీన్. ఆస్టియోక్లాస్ట్ ఎముక మీద కూర్చుని, అంచులు ఎక్కడా లీకు లేకుండా అతుక్కుపోయి, కింద ఏర్పడిన ఆ చిన్న జాగాలోకి ఆమ్లం వదులుతుంది. పీహెచ్ 4.5 దగ్గరికి పడిపోయి ఖనిజం కరుగుతుంది, తాడు బయటపడుతుంది. ఆ తాడు మామూలు ఎంజైములకు లొంగదు, దాన్ని కోసేది క్యాథెప్సిన్ కె. ఈ ఎంజైము మూతపెట్టిన కత్తిలా, పని చేయని రూపంలో తయారవుతుంది. ఆమ్లం తగిలాకే ఆ మూత ఊడుతుంది. అంటే కణం ఎక్కడ ఆమ్లం వదిలితే అక్కడే కత్తి పనిచేస్తుంది. ఇంత జాగ్రత్తగా కాపలా పెట్టుకున్న వ్యవస్థను "తినేయడం" అంటే నాకెందుకో మనసొప్పదు.

అపోహ: ఆ ఎంజైమును పూర్తిగా ఆపేస్తే ఎముక ఉక్కులా తయారవుతుంది.

ఈ ప్రయోగం ప్రకృతే చేసి చూపించింది. పిక్నోడిసోస్టోసిస్ అనే అరుదైన జన్యువ్యాధికి క్యాథెప్సిన్ కె జన్యువులోని లోపమే కారణమని 1996లో తేలింది. ఈ వ్యాధి ఉన్నవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా, చూడ్డానికి భలే గట్టిగా కనిపిస్తాయి, కానీ చిన్న దెబ్బకే విరుగుతాయి. మనిషి పొట్టిగా ఉండిపోతాడు, దవడ చిన్నది, వేళ్ల చివర్లు కురచ. పాతదాన్ని తీసేసే దారి లేకపోతే అరిగిన ఎముకంతా పేరుకుపోతుందని, దట్టంగా ఉండటం వేరు గట్టిగా ఉండటం వేరని నేను అర్థం చేసుకున్నది ఈ వ్యాధి గురించి చదివాకే.

ఇంకో విచిత్రం చూడండి. ఎంఎంపీ-2 అనే మరో ప్రోటీన్ కోత ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్లలో చేతుల, పాదాల ఎముకలు కరిగిపోతాయని 2001లో బయటపడింది. కోసే ఎంజైము లేకపోతే ఎముక కరగడమేంటని మొదటిసారి విన్నప్పుడు నేనూ తల గోక్కున్నాను.

అపోహ: టార్గెట్, అంటే మందు అడ్డుకోవాల్సిన ఎంజైము, దొరికిందంటే మందు దొరికినట్టే.

క్యాథెప్సిన్ కె మీద మెర్క్ కంపెనీ ఒడానకాటిబ్ అనే మందును తయారుచేసింది. మెనోపాజ్ దాటిన 16 వేల మందికి పైగా మహిళల మీద పరీక్షిస్తే ఎముకలు విరగడం నిజంగానే తగ్గింది, అంతా బాగుందనుకుంటుండగా పక్షవాతం ముప్పు పెరిగినట్టు తేలింది, 2016లో మందును వదిలేశారు. ఇదే వర్గానికి చెందిన బాలికాటిబ్ వాడినవాళ్లలో కొందరికి చర్మం గట్టిపడింది. ఈ ఎంజైము ఎముకలోనే ఉండదు, చర్మంలోనూ ఇతర కణజాలాల్లోనూ ఉంటుంది మరి.

క్యాన్సర్‌లోనూ ఇలాగే జరిగింది. కణితులు పాకడానికి ఎంఎంపీలు (పైన చెప్పిన ఎంఎంపీ-2 కుటుంబానికి చెందిన కోత ఎంజైములు) దారి చేస్తాయని 1990లలో వాటిని ఆపే మరిమాస్టాట్ లాంటి మందుల మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. రోగులకు కీళ్లు పట్టేశాయి, నొప్పులు వచ్చాయి, ఆయుష్షు మాత్రం ఆశించినంత పెరగలేదు. పైగా అన్ని ఎంఎంపీలూ క్యాన్సర్‌కు సాయం చేసేవి కావు, ఎంఎంపీ-8 లేని మగ ఎలుకల్లో చర్మపు కణితులు ఎక్కువయ్యాయి.

అపోహ: ఎంజైము ఎంత ఉందో కొలిస్తే జబ్బు తెలిసిపోతుంది.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను స్వయంగా బోల్తా పడ్డాను. శాంపిల్‌లో కోత ఎంజైము ఎంత ఉందో చూడటానికి జైమోగ్రఫీ అని మాకొక పాత పద్ధతి ఉంది. పల్చటి జెల్ పలకలోనే జెలటిన్ (కొలాజెన్ నుంచి వచ్చే ప్రోటీన్) కలిపి పోస్తాం, అందులో కరెంటుతో శాంపిల్ నడిపించి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర వదిలేస్తాం, పొద్దున్నే నీలం రంగు వేస్తాం. జెల్ అంతా ముదురు నీలం, ఎంజైము జెలటిన్‌ను తినేసిన చోట మాత్రం తెల్లటి గీత. ఎన్నిసార్లు చేసినా ఆ గీత తేలుతుంటే చూడ్డం సరదాగానే ఉంటుంది. మొదట్లో ఒకసారి రోగుల శాంపిల్స్‌లో ఎంఎంపీ-9 గీత వెడల్పుగా మెరిసిపోతోంది, ఆరోగ్యవంతుల్లో సన్నగా ఉంది. ఎగిరి గంతేశాను. రెండు రోజులయ్యాక డబ్బాల మీద లేబుళ్లు మళ్లీ చూస్తే తెలిసింది, రోగులవి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), మిగతావాళ్లవి ప్లాస్మా (గడ్డకట్టనివ్వకుండా తీసిన ద్రవం). రక్తం గడ్డకట్టేటప్పుడు కణాల నుంచే ఎంఎంపీ-9 బయటికొస్తుంది కాబట్టి సీరంలో ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. నేను కొలిచింది జబ్బును కాదు, ట్యూబును. అదీకాక ఈ పద్ధతిలో ఎంజైముకు కళ్లెం వేసే టింప్ ప్రోటీన్లు విడిపోతాయి, అందుకే గీత ఎంత మెరిసినా శరీరంలో ఆ ఎంజైము నిజంగా పనిచేస్తోందో లేదో చెప్పలేం.

అపోహ: కొలాజెన్ పొడి తాగితే అది నేరుగా ఎముకలోకి వెళ్తుంది.

వెళ్లదు. పేగుల్లోని ఎంజైములు దాన్నీ మిగతా ప్రోటీన్లలాగే చిన్న ముక్కలు చేసేస్తాయి.

అపోహ: అయితే ఈ ఎంజైముల్ని ఆపే మందులేవీ పనికిరావు.

పనికొచ్చేవి ఉన్నాయి. కణం లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌ను అడ్డుకునే బోర్టెజోమిబ్‌కు, ఎముకమజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా క్యాన్సర్‌కు వాడేందుకు 2003లో అమెరికాలో ఆమోదం వచ్చింది. చిగుళ్ల జబ్బుకు వాడే డాక్సీసైక్లిన్ ఉదాహరణ నాకింకా ఇష్టం. 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తే బ్యాక్టీరియాను చంపేంత మోతాదు అవదు, పంటి చుట్టూ కొలాజెన్‌ను కోసే ఎంజైముల జోరు మాత్రం తగ్గుతుంది. 1998లోనే దీనికీ ఆమోదం దొరికింది. ఇది చదివి ఇంట్లో మిగిలిపోయిన 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ మాత్రం తీసి వేసుకోకండి, అది యాంటీబయాటిక్ మోతాదు.