ఇడ్లీకి రెండు రూపాయలు, మిగతాది కుర్చీకి

హైదరాబాద్ మాదాపూర్‌లో ఆఫీసులు తెరుచుకునే వేళకు ఒకే వీధిలో రెండు రకాల ఇడ్లీలు అమ్ముడవుతుంటాయి. బండి దగ్గర నాలుగిడ్లీల ప్లేటు 40 రూపాయలు. పక్కనే అద్దాల తలుపున్న కేఫులో నెయ్యి, కారప్పొడి చల్లిన రెండిడ్లీలు వంద దాటతాయి, పైన 5 శాతం జీఎస్టీ. టిఫిన్ ఇంత ఖరీదా అనే గొడవ ఇక్కడే మొదలవుతుంది. పప్పు పెరిగింది, గ్యాస్ పెరిగింది అంటారు హోటల్ వాళ్లు. పెరిగిన మాట నిజమే గానీ, లెక్క వేసి చూస్తే ఆ బిల్లులో పిండి వాటా బహు తక్కువ.

కిలో మినపగుళ్లకు రెండు కిలోల ఇడ్లీ రవ్వ అన్నది మన వైపు కొలత. గుళ్లు రుబ్బేటప్పుడు పోసే నీళ్లు, రవ్వ పీల్చుకునే నీళ్లు కలిపి ఆరున్నర కిలోల దాకా పిండి అవుతుంది. గుంటకు 50 గ్రాములు వేస్తే 130 ఇడ్లీలు. గుళ్లు కిలో 130, రవ్వ కిలో 50 అనుకుంటే మొత్తం సరుకు 230 రూపాయలు. అంటే ఒక్కో ఇడ్లీకి రెండు రూపాయల లోపే. ఖర్చు పెరిగేది చట్నీతో. 80 గ్రాముల పల్లీ చట్నీలో పాతిక గ్రాముల పల్లీలుంటాయి. కిలో 140 చొప్పున మూడున్నర రూపాయలు. నాలుగిడ్లీల ప్లేటుకు మూడోసారి చట్నీ పోస్తే ఇడ్లీల ఖర్చును చట్నీ దాటేస్తుంది. ‘చట్నీకి ఎక్స్‌ట్రా’ అని బోర్డు పెట్టినవాణ్ణి పిసినారి అని తిట్టుకుంటాం గానీ, అతను లెక్క తెలిసినవాడు.

మిగిలిన డబ్బు గ్యాసుకు, పనివాళ్లకు, అన్నిటికంటే ఎక్కువగా చోటుకు పోతుంది. బయట టిఫిన్ తినడం మొదలైన నాటి నుంచీ సంగతి ఇదే. లోపల ఎవరిని కూర్చోనిస్తారు, ఎంతసేపు కూర్చోనిస్తారు, అసలు కుర్చీ ఉందా లేదా అన్నదాన్ని బట్టే హోటళ్లు మారుతూ వచ్చాయి.

చద్ది నుంచి కాఫీ హోటల్ దాకా

పొద్దున్నే తినేది కొనుక్కోవడం మనకు కొత్త అలవాటే. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగో గంజో పోసి పెట్టుకున్న చద్ది, మెట్ట ప్రాంతాల్లో జొన్న, రాగి అంబలి, వీటితోనే పొలానికి వెళ్లేవారు. పెద్దల మాట చద్దిమూట అన్నారంటే, ఆ మూట ఇంటి నుంచి కట్టుకుపోయేదే. డబ్బిచ్చి తినే చోట్లు లేకపోలేదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు నాటకంలో ఒక పూటకూటి ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి అనే మేలు రకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, గడ్డపెరుగు పెట్టినట్టుంది. అయితే అది భోజనం. ఊరు కాని ఊరు వచ్చిన బాటసారికీ, కోర్టు పని మీద వచ్చినవాడికీ పూటకూళ్లమ్మ అన్నం పెట్టేది. సొంత ఊళ్లో ఉన్నవాడు ఉదయాన్నే బయట తినాల్సిన అవసరం లేదు. తినడానికి కులం అడ్డు కూడా: వండింది ఎవరు, పక్కన కూర్చున్నది ఎవరు?

ఆ అడ్డును దాటించకుండా, దాని మీదే వ్యాపారం కట్టింది తొలి కాఫీ హోటల్. ఉడుపి మఠాల వంటవాళ్ల సంప్రదాయం నుంచి వచ్చిన శాకాహార హోటళ్లు మద్రాసు, బెంగళూరు నగరాల్లో 1920లలో పాతుకున్నాయి. ఈరోజు ఎంటీఆర్‌గా అందరికీ తెలిసిన మావళ్లి టిఫిన్ రూమ్స్ 1924లో మొదలైనప్పుడు దాని పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. ఆ పేరు ఒక హామీ: వంట ఫలానావాళ్లది, నిస్సంకోచంగా తినొచ్చు అని. కోస్తా జిల్లాలు 1953 దాకా మద్రాసు కిందే ఉన్నాయి కాబట్టి రైలు దారి వెంట ఈ పద్ధతీ, ‘విలాస్’, ‘భవన్’ అనే పేర్లూ మన ఊళ్లలోకి వచ్చాయి. ‘హోటల్’ అంటే బస అనే అర్థం పోయి తిండి దొరికే చోటుగా తెలుగులో స్థిరపడిందీ ఇలాగే. చాలా చోట్ల బ్రాహ్మణులకు లోపల విడిగా గది, మిగతావాళ్లకు ముందు హాలు. దళితులకు ఆ హాలూ లేదు.

1950లో రాజ్యాంగం 15వ అధికరణలో హోటళ్ల పేరెత్తి మరీ ఈ వివక్షను నిషేధించింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. బోర్డులు మాత్రం వెంటనే దిగలేదు. మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ పేరులోని ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసేయాలని పెరియార్ 1957లో ఆందోళన నడిపారు. మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు సాగింది. కొందరికి గ్లాసు వేరు, కడుక్కోవాల్సింది వాళ్లే, బెంచీ మీద చోటు లేదు. అదే టీ, అదే ధర. కూర్చునే హక్కు ఒక్కటే తేడా.

ఇరానీ బల్ల

హైదరాబాద్ దారి వేరు. ఇరాన్ నుంచి బొంబాయి, పుణె మీదుగా వచ్చినవాళ్లు మూలమలుపుల్లో తెరిచిన కేఫుల్లో పాలరాతి బల్ల ముందు ఎవరైనా కూర్చోవచ్చు. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని గంట కూర్చున్నా లేవమనేవాడు లేడు. పాతబస్తీ ఉదయానికి నహారీ-కుల్చా ఉండేది, ఖిచిడీ-ఖీమా-ఖట్టా ఉండేది. నహార్ అంటేనే పగలు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన మాంసం తెల్లారాక తినేది కనుక ఆ పేరు.

ఇరానీ చాయ్‌ని దగ్గరగా చూస్తే ఆ వ్యాపారం అర్థమవుతుంది. టీపొడి, నీళ్లు, చక్కెర రాగి హండీలో వేసి, మూతి గుడ్డతోనో గోధుమపిండితోనో మూసి, సన్న మంట మీద దమ్ పెడతారు. పాలు పక్కన వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’. మంట పెంచి డికాక్షన్‌ను తెర్లనిస్తే వగరు దిగి చాయ్ పాడవుతుంది. పాలూ పొడీ కలిపి మరిగిస్తే అది మామూలు టీ. గిన్నెలు రెండూ పొద్దున్నే సిద్ధమైతే ఆపైన ఒక్కో కప్పుకు పట్టేది కొన్ని సెకన్లే. వంద కప్పులకూ వెయ్యి కప్పులకూ మనుషులు పెద్దగా పెరగనక్కర్లేదు. దానికి తోడు పాత అద్దెలు. అందుకే గంట కూర్చున్నవాణ్ణి భరించగలిగింది ఇరానీ హోటల్. అద్దెలు పెరిగి, మూలమలుపు స్థలం బంగారమయ్యాక ఆ లెక్క తప్పింది. చాలా చోట్ల కుర్చీలు తగ్గి, బిర్యానీ కౌంటరు పెరిగింది.

రోలు పోయి గ్రైండర్ వచ్చాక

ఇడ్లీ, దోసె బండెక్కడానికి అసలు కారణం యంత్రం. రుబ్బురోలు దగ్గర కిలో మినప్పప్పు మెత్తబడాలంటే ఒక మనిషికి గంట పని. 1955లో కోయంబత్తూరులో కరెంటుతో తిరిగే వెట్ గ్రైండర్ తయారైంది. అది ఊరూరా పాకాక ఇద్దరు మనుషులున్న కుటుంబం కూడా టిఫిన్ సెంటర్ పెట్టగలిగింది. మిక్సీ ఆ పని చేయలేదు. బ్లేడు వేగానికి పిండి వేడెక్కి, గాలి పట్టక, ఇడ్లీ గట్టిగా వస్తుంది. రాయి నిదానంగా తిరుగుతూ పప్పును నురగలా లేపుతుంది. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి.

తర్వాతి గండం పులియడం. మే నెలలో ఐదారు గంటలకే పొంగి పులిసిపోయే పిండి, డిసెంబరులో పన్నెండు గంటలైనా కదలదు. ఎక్కువ పులిస్తే ఇడ్లీ చదునుగా పడిపోతుంది, తక్కువైతే రాయి. చలికాలం బండివాళ్లు వంటసోడా వైపు చూసేది అందుకే. అది ఎక్కువైతే ఇడ్లీ పసుపు రంగు తిరిగి సబ్బు వాసన వేస్తుంది. ఆవిరి పది, పన్నెండు నిమిషాలు చాలు. దించాక రెండు నిమిషాలు ఆగి తీస్తే గుంటకు అంటదు. పాత హోటళ్లు తడి గుడ్డ పరిచి ఆ ఇబ్బంది తప్పించుకునేవి. గుడ్డ ఉతికే పని తప్పించుకోవడానికి కొందరు ప్లాస్టిక్ షీటు పరిచారు. వేడి ఆవిరిలో ప్లాస్టిక్ ప్రమాదమని 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

చట్నీ కూడా ఈ దశలోనే మారింది. ఉడుపి హోటల్ కొబ్బరి చట్నీ ఎండలో మూడు నాలుగు గంటలకే వాసన పడుతుంది. మనకు వేరుశనగ రాయలసీమలో బాగా పండుతుంది, వేయించి రుబ్బితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. బండి మీద పల్లీ చట్నీ గెలిచింది రుచి ఒక్కదానితో కాదు. పెసరట్టుకు మాత్రం బండి అంతగా కలిసిరాలేదు. పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు, పులియబెట్టే పని లేదు. కానీ రుబ్బిన పిండి ఎంతసేపు నిలవుంటే అంత నల్లబడి, రుచి తప్పుతుంది. రద్దీని బట్టి కొంచెం కొంచెంగా రుబ్బుకునే హోటల్‌కే అది కుదురుతుంది. ఉప్మా కూరిన పెసరట్టుకు ‘ఎమ్మెల్యే’ అనే పేరు హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్ నుంచి వచ్చిందంటారు. ఆకలిగా ఉన్నవాడు ఆ వాదనలోకి దిగడు.

ప్రభుత్వం ధర కట్టినప్పుడు

ఎమర్జెన్సీ కాలంలో కర్ణాటకలో హోటల్ టిఫిన్ ధరలపై పరిమితి పెట్టారు. ఎంటీఆర్ నాణ్యత తగ్గించనని, రోజూ ఎంత నష్టం వస్తోందో బయట బోర్డు మీద రాసి, చివరకు 1976లో హోటల్ మూసేసింది. మళ్లీ తెరిచింది 1984లో. ఈలోగా ఖాళీగా ఉన్న మనుషులతో రవ్వ ఇడ్లీ వంటి పొడి మిశ్రమాలను ప్యాకెట్లుగా అమ్మింది. ఇవాళ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తెలుగువాళ్లు ప్యాకెట్ చింపి చేసుకునే ఇడ్లీ వెనక ఆ ధరల గొడవ ఉంది. తర్వాతి ప్రభుత్వాలు హోటల్ ధర జోలికి పోకుండా తామే వండి పెట్టాయి: చెన్నైలో 2013 నుంచి అమ్మ క్యాంటీన్‌లో రూపాయికి ఇడ్లీ, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, 2019లో ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు టిఫిన్.

కుర్చీ తీసేసి, మళ్లీ వేసి

1983లో బెంగళూరు జయనగర్‌లో వచ్చిన కేఫ్ దర్శిని కుర్చీనే తీసేసింది. ముందు డబ్బు కట్టి కూపన్ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర ప్లేటు అందుకోవాలి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. కూర్చుంటే అరగంట పట్టే టిఫిన్ పది నిమిషాల్లో అయిపోతుంది. అదే చదరపు గజంలో మూడు రెట్ల మంది తింటారు. వడ్డించేవాడూ అక్కర్లేదు. తక్కువ ధరకు మంచి నెయ్యి దోసె ఇవ్వగలిగిన రహస్యం అంతే. హైదరాబాద్‌లో ఇప్పుడు క్యూ కడుతున్న నెయ్యి ఇడ్లీ చోట్లలో చాలావాటికి మూలం ఈ పద్ధతే, ధర మాత్రం మూలంలా లేదు.

అందులో పన్నుకూ పాత్ర ఉంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఏసీ లేని హోటల్‌కు 12 శాతం, ఏసీ ఉంటే 18. అదే ఏడాది నవంబరు 15 నుంచి మామూలు హోటళ్లన్నిటికీ 5 శాతానికి దించారు, కానీ తాము కట్టిన పన్నును మినహాయించుకునే వీలు తీసేశారు. షాపు అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. నెలకు లక్ష అద్దె కట్టే హోటల్‌కు ఆ 18 వేలు అంతకుముందు లెక్కలో సర్దుబాటయ్యేవి. తర్వాత మెనూ ధరలోకి ఎక్కాయి. పన్ను తగ్గినా బిల్లు తగ్గలేదేమని జనం అడిగిన ప్రశ్నకు జవాబులో ఇదొక ముక్క. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకమున్న బండికి ఈ గొడవే లేదు.

ఇక బ్రంచ్. ఈ మాటను 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లండ్ రచయిత ఒక వ్యాసంలో వాడాడు: శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాడు ఆదివారం పొద్దెక్కాక తినే తిండి. మన కేఫుల్లో అది వారాంతపు బేరం. గుడ్లు, బ్రెడ్డు, కాఫీ, రెండు గంటల కూర్చోవడం. ఒక కప్పులో కాఫీ పొడి 18 గ్రాములు. గింజలు కిలో 1,200 అనుకున్నా 22 రూపాయలు. 250 రూపాయల కాఫీలో పాలు, జీతాలు పోను పెద్ద ముక్క ఆ రెండు గంటల కుర్చీకే. ఇరానీ హోటల్ ఊరికే ఇచ్చినదాన్ని కేఫ్ లెక్క కట్టి అమ్ముతోంది. బిల్లు చివర సర్వీస్ చార్జి కనబడితే కట్టాల్సిన పని లేదు. దాన్ని దానంతటదే కలపకూడదన్న 2022 జూలై మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది.

టిఫిన్‌కూ బ్రంచ్‌కూ పొసగనిది ఒకటుంది: పిండి. తెల్లవారుజామున వాడటం మొదలుపెట్టిన పిండి పదకొండు దాటాక దోసెకు పనికొచ్చినా ఇడ్లీకి పనికిరాదు. రోజంతా టిఫిన్ అమ్మే చోటు మూడు విడతలుగా రుబ్బి, 4 డిగ్రీల చల్లదనంలో దాచి, గంట ముందు బయట పెట్టాలి. అంత ఫ్రిజ్, అంత మనుషులు లేనిచోట మధ్యాహ్నానికి మిగిలిన పులిసిన పిండి మీద ఉల్లి, పచ్చిమిర్చి, టమాటా దట్టంగా చల్లుతారు. పన్నెండు గంటలకు ‘ఊతప్పం స్పెషల్’ అని పలక కనబడితే, లోపల గిన్నె అడుక్కొచ్చిందని అర్థం.