రాగిరేకు మీద తారుమారైన గవ్వలు

ఒక శంఖాన్ని మొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే నోరు కుడి పక్కన ఉంటుంది. దీన్ని కుడి చుట్టు అంటారు. నత్తలు, శంఖాల జాతుల్లో అత్యధికం ఇలాంటివే. కానీ 17వ శతాబ్దంలో యూరప్‌లో అచ్చయిన కొన్ని పుస్తకాలు తెరిస్తే పేజీ తర్వాత పేజీ ఎడమ చుట్టు గవ్వలే కనిపిస్తాయి. ఇప్పుడు ఆ బొమ్మలు స్కాన్ అయి అందరికీ అందుతున్నాయి. వాటిని చూసి జాతిని పోల్చుకోవాలనుకునేవాళ్లు ఈ తిరకాసు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి.

పుట్టింది రాగిరేకు మీదే. చిత్రకారుడు గీసిన కాగితం వెనక ఎర్ర సుద్ద రుద్దుతారు. మెరుగు పెట్టిన రేకు మీద పలచగా మైనం పూసి, కాగితాన్ని బొమ్మ పైకి ఉండేలా పరిచి, మొద్దు మొన సూదితో గీతల వెంట నొక్కుతూ పోతారు. బొమ్మ మైనం మీదికి దిగుతుంది. ఎన్‌గ్రేవింగ్ అయితే బ్యూరిన్ అనే సన్నని ఉలిని అరచేత్తో ముందుకు తోస్తూ ఆ గీతల వెంట రాగిని చెక్కి, గాడి పక్కన లేచిన అంచును గీకేస్తారు. ఎచింగ్ అయితే సూదితో మైనాన్ని తొలగించి, బయటపడ్డ రాగిని యాసిడ్‌కు వదిలేస్తారు. అది ఎంతసేపు తింటే గాడి అంత లోతవుతుంది. ఆ తర్వాత ఇంకును గాడుల్లోకి ఎక్కించి, పైపైన ఉన్నదాన్ని తుడిచి, తడిపిన కాగితం పరిచి, పైన ఉన్ని గుడ్డ కప్పి రెండు రోలర్ల మధ్య నుంచి లాగుతారు. మెత్తబడ్డ కాగితం గాడిలోకి దిగి ఇంకును అందుకుంటుంది. రేకు మీద సరిగ్గా ఉన్న బొమ్మ కాగితం మీద అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది.

దీనికి విరుగుడు ఆనాటి పనివాళ్లకు బాగా తెలుసు. బొమ్మకు ఒక నకలు తీసి, ఆ కాగితానికి నూనె పట్టించి గీతలు అవతలికి కనిపించేలా చేసి, బోర్లా వేసి రేకు మీదికి దించాలి. లేదా బొమ్మను అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని చూసి చెక్కాలి. మొదటి దానికి ఒక నకలు అదనం, రెండో దానికి పని నెమ్మది. అక్షరాల దగ్గర మాత్రం సాధారణంగా ఈ శ్రమకు వెనకాడలేదు. అక్షరం తిరగబడితే చదివేవాడు వెంటనే పట్టేస్తాడు, గవ్వ తిరగబడితే పట్టేవాళ్లు తక్కువ.

దీనికి డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో చేసిన చిన్న ఎచింగ్ కన్నా మంచి సాక్ష్యం లేదు. సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, 13 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అచ్చులో ఒకే ఒక్క గవ్వ: హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో దొరికే కోనస్ మార్మోరియస్. నల్లటి వల మధ్య తెల్లటి మచ్చలు, మొన దగ్గర మెట్లుమెట్లుగా చుట్టు, పక్కన పడే నీడ, అన్నీ చూసి చూసి గీసినవే. సంతకం, సంవత్సరం సరిగ్గా చదువుకోవచ్చు, అంటే రేకు మీద వాటిని తిరగేసి రాశాడు. గవ్వను మాత్రం తిరగేయలేదు, అచ్చులో అది ఎడమ చుట్టు అయింది. ఇది చేతకాక జరిగింది కాదు. ఆయనకు కావలసింది గవ్వ మీద ఆడే వెలుగు, దాని గుల్ల నునుపు.

చిత్రకారుడి విషయంలో సరిపెట్టుకోవచ్చు, శాస్త్ర గ్రంథం విషయంలో కుదరదు. జెస్యూట్ పండితుడు ఫిలిప్పో బొనాన్ని 1681లో రోమ్‌లో గవ్వల మీద వేసిన పుస్తకంలోనూ బొమ్మలు ఇలాగే తారుమారయ్యాయి. ఆ రోజుల్లో గవ్వలను ఆకారం, రంగు, మచ్చలను బట్టి పోల్చుకునేవారు, చుట్టు దిశకు అంత విలువ లేదు. 1758లో స్వీడిష్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఎడమ చుట్టు ఉన్న ఒక సముద్రపు నత్తకు మ్యూరెక్స్ పర్వెర్సస్ అని పేరు పెట్టాడు. పర్వెర్సస్ అనే లాటిన్ మాటకు తిరగబడినది అనే అర్థం. దిశే జాతి పేరులోకి ఎక్కాక బొమ్మ తిరగబడితే గుర్తింపే తప్పుతుంది.

మనకు ఇది వెంటనే బోధపడాలి. దక్షిణావర్త శంఖం కోసం ఎంత ధరైనా పెట్టేవాళ్లున్నారు. మామూలు శంఖం శాస్త్ర పరిభాషలో కుడి చుట్టు, దక్షిణావర్తం ఎడమ చుట్టు. మన సంప్రదాయంలో మొన కిందికి పెట్టి చూస్తారు కాబట్టి పేర్లు తలకిందులయ్యాయి. మామూలు శంఖాన్ని రేకు మీద ఉన్నదున్నట్టు చెక్కితే చాలు, అచ్చులో అది దక్షిణావర్తమైపోతుంది!

పాత బొమ్మను పరీక్షించేటప్పుడు అక్షరాలను నమ్మకూడదు, బొమ్మ తిరగబడినా అవి సాధారణంగా సరిగ్గానే ఉంటాయి. ఆ ప్లేటులోని గవ్వలన్నీ ఎడమ చుట్టు అయితే తిరగబడింది బొమ్మే. అన్నీ కుడి చుట్టు ఉండి ఒక్కటే ఎడమైతే అది నిజంగా అలాంటి గవ్వ కావచ్చు, దాని పక్కనున్న వర్ణన చదవాలి. స్కాన్‌ను కంప్యూటర్లో తిప్పి, సరిచేశామని పెట్టడం మాత్రం తప్పు. గవ్వ సరవుతుంది, కానీ ఆ రేకు మీద ఏం జరిగిందన్న ఆధారం చెరిగిపోతుంది. అసలు బొమ్మను అలాగే ఉంచి, తిప్పిన ప్రతిని పక్కన పెట్టి, తిప్పామని కింద రాయాలి.