అయిదు మీటర్లు పక్కకి జరిగితే బేస్ మాయం

దసరాల్లో విజయవాడ పటమటలో మా వీధి పందిరి దగ్గర ఆర్కెస్ట్రా పెట్టారు. బేస్ గిటార్, అంటే పాట అడుగున బరువైన కింది స్వరాలు పలికే గిటార్, వాయించింది నా చిన్ననాటి స్నేహితుడు. అంతా అయ్యాక బందరు రోడ్డు మీద ఇడ్లీ బండి దగ్గర నిలబడి, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ అడిగాడు: "నిజం చెప్పరా, నేను వాయించింది ఎవరికైనా వినపడిందా?"

నాకు వినపడింది. స్టేజికి ఎదురుగా సరిగ్గా మధ్యలో నిలబడ్డానేమో, గుండె మీద ఎవరో పిడికిలితో తట్టినట్టే ఉంది. ఎడంపక్క కుర్చీల్లో కూర్చున్న మా ఆవిడైతే "బేస్ గిటారా? ఉందా అసలు?" అంది. నా వెనకే సౌండ్ మిక్సర్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడు బేస్ ఎక్కువైపోతోందని రాత్రంతా తగ్గిస్తూనే ఉన్నాడు. ముగ్గురం ఉన్నది ఒకే పందిరి దగ్గర, విన్నది ఒకే పాట. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వ్యతికరణం, అంటే అలలు ఒకదాంతో ఒకటి కలిస్తే ఏమవుతుందనే పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ వలయాలు గీసి, "ఇక్కడ కలుస్తాయి, ఇక్కడ చెల్లిపోతాయి, ఎంసెట్‌లో బిట్ వస్తుంది, రాసుకోండి" అనడం అలవాటైపోయింది. ఆ రెండు చుక్కలు మా వీధి పందిరి కింద నల్ల స్పీకరు పెట్టెలై కూర్చున్నాయని ఇడ్లీ తినేదాకా నాకే తట్టలేదు.

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను నొక్కకుండా మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. 30 డిగ్రీల వేడి ఉన్న గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. భాగిస్తే ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంటే రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి ఆపినంత. అదే గాయని పాటలో "స" అన్నప్పుడు వచ్చే ఈల లాంటి శబ్దానికి అల అయిదారు సెంటీమీటర్లే. దానికి ముందు కూర్చున్నవాడి తల కూడా అడ్డమే. రెండు కార్లంత అలకు మనుషులు, కుర్చీలు, పందిరి గుంజలు ఒక లెక్కా? అన్నిటినీ చుట్టి పోతుంది. బాక్సు మూతి జనం వైపు తిప్పి పెట్టినా, వెనకనున్న స్టేజి మీదికీ దాదాపు అంతే వెళ్తుంది.

ఇప్పుడు మా పందిరి లెక్క. స్టేజికి అటొకటి, ఇటొకటి బేస్ బాక్సులు. మధ్య దూరం పది మీటర్లనుకోండి. స్టేజికి పదిహేను మీటర్ల దూరంలో మధ్య గీత మీద నిలబడితే రెండు బాక్సుల అలలూ ఒకే క్షణంలో చేరతాయి, పీడనం రెట్టింపవుతుంది. నా గుండె మీద తట్టింది అదే. లావు తీగ పక్క తీగ 55 సార్లు కంపిస్తుంది, దాని అల 6.3 మీటర్లు. మధ్య నుంచి పక్కకి అయిదుంబావు మీటర్లు జరిగితే ఒక బాక్సు 15 మీటర్ల దూరంలో, రెండోది 18 మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటాయి. తేడా సరిగ్గా అర అల. ఒకటి గాలిని నొక్కుతుంటే రెండోది లాగుతుంటుంది, రెండూ చెల్లిపోయి ఆ స్వరానికి అక్కడ గుంట పడుతుంది. మా ఆవిడ కుర్చీ ఉన్నది దాదాపు అక్కడే.

లావు తీగ గుంట అక్కడ ఉండదు, మధ్య గీత నుంచి ఏడు మీటర్ల అవతల ఉంటుంది. ఒక్కో స్వరానికి ఒక్కో చోట గుంట. అందుకే మావాడు వరసగా నాలుగు స్వరాలు వాయిస్తే ఒక కుర్చీలో మొదటిది మోగి రెండోది మాయమవుతుంది, పక్క వరసలో దానికి తలకిందులు. పాపం, వాడు తడబడ్డాడని అనుకుంటారు.

ఇంకో వింత. గుంటలో ఉన్నా స్వరం పూర్తిగా పోదు. తీగ 55తో పాటు 110, 165 కూడా పలుకుతుంది. 55కి అర అల తేడా ఉన్నచోట 110కి ఒక పూర్తి అల తేడా, కాబట్టి అది చక్కగా కలిసిపోతుంది. పై స్వరాలు విని మెదడు కింద ఉండాల్సినదాన్ని తనే ఊహించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో 55 దాదాపు రాదు, అయినా పాటలో బేస్ వరస పట్టుకోగలం. మా ఆవిడ కూడా పాట బాగాలేదనలేదు. ఒంటికి తగలలేదు, అంతే.

విరుగుడు ఉంది. బేస్ బాక్సులన్నీ ఒకేచోట, స్టేజి ముందు మధ్యలో పేర్చాలి. చుక్క ఒక్కటే అయితే గొడవే లేదు. కానీ అక్కడ కమిటీ వాళ్లు వీఐపీ సోఫాలు వేస్తారు. సోఫాల ముందు నల్ల పెట్టెలు పెడతామంటే ఒప్పుకునే కమిటీని నేనింకా చూడలేదు.

మా మిక్సర్ కుర్రాడు కూర్చున్నది మధ్య గీత మీదే. తనకు రెట్టింపు వినపడుతోంది కాబట్టి తగ్గించాడు, పక్కవాళ్లకు ఉన్న కాస్తా పోయింది. ఫంక్షన్ హాల్లో ఇంకో రకం. వీడియో క్రేన్‌కి అడ్డమని మిక్సర్ బల్లను భోజనాల గుమ్మం పక్క మూలకి తోసేస్తారు. గోడల దగ్గర, అందులోనూ మూలల్లో బేస్ పోగవుతుంది. అక్కడ కూర్చుని తగ్గిస్తే హాలు మధ్యలో ఏం మిగులుతుంది? నన్నడిగితే మిక్సర్ దగ్గరి మనిషికి కావలసిన మొదటి పరికరం చెప్పుల జత. రెండు పాటలకోసారి లేచి హాలంతా ఒక చుట్టు తిరిగి రావాలి.

"బేస్ విచ్చుకోవాలంటే దూరం కావాలి సార్, దగ్గర్లో వినపడదు" అని సౌండ్ వాళ్లు చెబుతుంటారు. నేను నమ్మను. ఇయర్‌ఫోన్‌కీ చెవికీ మధ్య సెంటీమీటర్ కూడా ఉండదు, అందులో బేస్ రావట్లేదా? వాళ్లు గమనించింది నిజమే, కారణం మాత్రం ఈ గుంటలూ గుట్టలూ.

బేస్ గిటార్‌కి ఇంటి దొంగ కూడా ఉన్నాడు, కీబోర్డు వాయించేవాడి ఎడం చెయ్యి. అతనూ అక్కడే కింది స్వరాలు నొక్కుతాడు, డ్రమ్స్‌లో కాలితో వాయించే కిక్ కూడా అదే చోట గుద్దుతుంది. మూడూ కలిస్తే ముద్ద. ఆ ముద్ద సరిపోదన్నట్టు గాయకుల మైకులు స్టేజి మీది బేస్‌ను కూడా పీలుస్తాయి. మిక్సర్‌లో ప్రతి మైకుకీ కింది స్వరాలను కోసేసే "లో కట్" మీట ఉండేది అందుకే.

పది గంటలు దాటాక కానిస్టేబుల్ వచ్చి సౌండ్ తగ్గించమన్నాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వాడకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. కుర్రాడు మొత్తం సౌండ్‌ని ఒకేసారి తగ్గించాడు. బేస్ అందరికన్నా ముందు మాయమైంది. బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. మన చెవికి బేస్ అంటే చిన్నచూపు, సౌండ్ తక్కువైనకొద్దీ అది ముదురుతుంది. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 1,000 కంపనాల) స్వరం 40 డెసిబెల్స్ ఉంటే, దానికి సమానంగా వినిపించడానికి 40 హెర్ట్జ్ స్వరం 82కి పైగా ఉండాలి. మొదటిది 80కి పెరిగితే రెండోదానికి 105 చాలు. అందుకే అన్నీ సమానంగా పెంచితే బేస్ ముందుకు దూకుతుంది, తగ్గిస్తే వెనకబడిపోతుంది.

ఇళ్లల్లో కథ వేరు. గోడలు పాటను ఆపుతాయి, లావు అలను అంతగా ఆపలేవు. శబ్దం కొలిచే మీటరు కూడా సాధారణంగా చెవికున్న ఆ చిన్నచూపునే పాటించి, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ కోసేసి అంకె చూపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి మామ్మగారు గేటు దగ్గర పట్టుకున్నారు. "పాటలేం పాడారో తెలీలేదు నాయనా, తలుపులన్నీ వేసుకున్నాం. ఆ డుం డుం మాత్రం మంచం కోళ్లలోంచి వచ్చింది."

మావాడికి ఫోన్ చేసి చెప్పాను. రెండు క్షణాలు ఆగి, "ఏ పాటప్పుడట?" అన్నాడు.