చిటపటకాయలో బొంగరం

"పిల్లల్ని ప్రకృతిలో ఆడించండి అంటారు. మా అపార్ట్‌మెంట్ వెనక పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు, ఏం ఆడించను?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఆ పిచ్చిమొక్కలు చాలండి. వాటిలో ఊదారంగు పూల చిటపటకాయల మొక్క ఉందేమో చూడండి. పూల సంగతి వదిలేసి, బాగా ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయ కోయండి. గ్లాసు నీళ్ళలో వేసి మొహం కాస్త దూరంగా పెట్టుకోండి. టప్! దీన్ని ఉమ్మితో తడిపి ముందు బెంచీవాడి కాలరులో వేయడం తెలియని తరం ఇప్పుడే వస్తోంది.

కాయ ఎండేకొద్దీ దాని రెండు డొప్పలూ బయటికి వంగాలని చూస్తాయి. అతుకు వాటిని వంగనివ్వదు. ఆ బిగువంతా లోపలే పోగుపడుతుంది. తడి తగిలి కొన దగ్గర అతుకు మెత్తబడిందా, డొప్పలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మసకపడ్డాక చెట్టును ముట్టుకోవద్దు, నిద్రపోతుంది అంటారు పెద్దలు. ఈ ఎండుకాయకు నిద్రా లేదు, మెలకువా లేదు. పేలడానికి ప్రాణంతో పనే లేదు.

పాఠ్యపుస్తకం "కాయలు పేలి విత్తనాలు వ్యాపిస్తాయి" అని ఒక్క ముక్కతో సరిపెడుతుంది. అసలు తమాషా ఆ తర్వాతే. ఈ మొక్కకు దగ్గరి చుట్టమైన రుయెల్లియా సిలియాటిఫ్లోరా గింజల్ని అమెరికాలోని పొమోనా కాలేజీవాళ్ళు హైస్పీడ్ కెమెరాతో తీసి, 2018లో వివరాలు ప్రచురించారు. గింజ 2.5 మిల్లీమీటర్ల బిళ్ళ, మందం అర మిల్లీమీటరు కూడా లేదు. అంత తేలికైన దాన్ని గాలి ఇట్టే ఆపేయాలి. కానీ అది సెకనుకు 15 మీటర్లకు పైగా వేగంతో బయల్దేరి 6 మీటర్లు దాటిపోతుంది. పైగా సెకనుకు 1,660 చుట్ల దాకా, అంటే నిమిషానికి దాదాపు లక్ష!

ఆ తిరుగుడే దాన్ని కాపాడుతుంది. తిరిగే బొంగరం పడిపోదు, ఎందుకంటే దాని ఇరుసు దిశ మార్చుకోవడానికి మొండికేస్తుంది. కాస్త తోస్తే తల ఊపుతుంది, అంతే. గింజ ఇరుసు అడ్డంగా ఉంటుంది కాబట్టి బిళ్ళ నిలువుగా నిలబడి, వెనక్కి తిరుగుతూ, సన్నటి అంచుతో గాలిని కోసుకుంటూ పోతుంది. తాడు సరిగ్గా చుట్టని బొంగరంలా కొన్ని గింజలు మాత్రం పల్టీలు కొడతాయి. గాలి వాటి వెడల్పు మొహానికి తగులుతుంది, దగ్గర్లోనే పడిపోతాయి. చక్కగా తిరిగే గింజ అదే దూరం పోవడానికి వాటికి పట్టే శక్తిలో ఐదోవంతుతోనే సరిపెట్టుకోగలదు.

పిల్లల చేతికి టేపు ఇచ్చి, ఒకే కాయ గింజలు ఎంతెంత దూరంలో పడ్డాయో కొలవమనండి. ఈసారి పచ్చికాయ కూడా నీళ్ళలో వేసి, ఏమవుతుందో ముందే పందెం కట్టమనండి.