బుడ్డ అనుకున్న గడ్డ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మగవారికి వృషణం వాచిందంటే మొదట నోటికి వచ్చే మాట ‘బుడ్డ’. బోదకాలు తరతరాలుగా పాతుకుపోయిన ప్రాంతం కావడంతో అలాంటి వాపును వరిబీజంగానే భావించడం, నొప్పి లేకపోతే సిగ్గుపడి లుంగీ చాటున ఏళ్ల తరబడి మోయడం ఇక్కడ మామూలే. ఆ అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ పాతికేళ్ల యువకుడికి నొప్పి లేకుండా, చేతికి రాయిలా తగిలే గడ్డ ఏర్పడితే అది బీజకణాల నుంచి పుట్టిన కేన్సర్ కణితి కావచ్చు. ఇది ముఖ్యంగా 15 నుంచి 40 ఏళ్ల మధ్యవారికి వచ్చే జబ్బు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివారికి ముప్పు ఎక్కువ.

చీకటి గదిలో వాపు వెనుక టార్చిలైటు పెట్టి చూస్తే వరిబీజంలోని నీరు ఎర్రగా వెలుగుతుంది, గట్టి గడ్డయితే వెలుతురు దాటదు. అయితే కణితి చుట్టూ కూడా నీరు చేరుతుంది కాబట్టి, వెలుగు కనిపించినంత మాత్రాన ధీమాగా ఉండకూడదు; అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాల్సిందే.

బీజకణాలంటే వీర్యకణాలకు, అండాలకు మూలమైన కణాలు. పిండానికి నాలుగో వారం వచ్చేసరికి ఇవి సొనసంచి గోడలో ఉంటాయి. అక్కడి నుంచి పేగు వెంబడి ప్రయాణించి, మగబిడ్డకైతే వృషణాలుగా, ఆడబిడ్డకైతే అండాశయాలుగా మారబోయే చోటికి చేరుకుంటాయి. దారిలో చిక్కుబడిపోయిన కణాల వల్లనే ఛాతీ మధ్యలో, పొట్ట వెనుక భాగంలో, మెదడులో, పసిపిల్లల తోకఎముక దగ్గర కూడా ఈ కణితులు పుడతాయన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఏ కణజాలంగానైనా మారగల శక్తి వీటికి ఉండడంతో టెరటోమా అనే రకంలో వెంట్రుకలు, పళ్లు సైతం కనిపిస్తాయి. ఆడవారి అండాశయంలో వచ్చే ఇలాంటి తిత్తి చాలావరకు కేన్సర్ కాదు. కడుపులోంచి వెంట్రుకలు తీశారని ఎవరైనా చిల్లంగి (చేతబడి) మాట ఎత్తితే వారికి ఈ సంగతి చెప్పడం మేలు.

కొన్ని కణితులు తమ ఉనికిని రక్తంలోనే చాటుకుంటాయి. గర్భిణుల మూత్రపరీక్షలో పట్టుబడే హెచ్‌సీజీ హార్మోనునే ఇవి కూడా తయారుచేస్తాయి కాబట్టి, మగవాడికి ఆ పరీక్ష చేస్తే రెండు గీతలు పడే సందర్భాలున్నాయి. మరో గుర్తు ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్. కణితి పూర్తిగా తొలగిపోతే రక్తంలో హెచ్‌సీజీ ఒకటి నుంచి ఒకటిన్నర రోజుకు, ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకు సగం చొప్పున తగ్గాలి. అలా తగ్గకపోతే జబ్బు ఇంకెక్కడో మిగిలి ఉందని వైద్యులు అనుమానిస్తారు. శస్త్రచికిత్సలో గజ్జ దగ్గర కోత పెట్టి వృషణాన్ని తీసేస్తారు. బుడ్డ అనుకుని వృషణాల సంచికి కోత పెట్టినా, సూదితో నీరు తీసినా కేన్సర్ కణాలు కొత్త దారి పట్టే ప్రమాదం ఉంది.

1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావాన్ని పరిశీలిస్తుండగా అవి విభజన మానేసి పొడవాటి దారాల్లా సాగాయి. కారణం విద్యుత్తు కాదు, ప్లాటినం పలకల నుంచి కరిగిన రసాయనం. సిస్‌ప్లాటిన్ ఆ పరిశోధనలోంచి వచ్చిన మందే. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ దానిని మరో రెండు మందులతో కలిపి వాడేవరకు, వృషణ కేన్సర్ ఒళ్లంతా పాకినవారిలో పదిమందికి ఒకరు బతకడమే గగనం. నేడు పాకిన తర్వాత కూడా అత్యధికులకు నయమవుతోంది. 2021లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం సెమినోమా అనే రకం కాక మిగతా బీజకణ కణితులు పాకినవారిని కోలుకునే అవకాశాన్ని బట్టి మూడు వర్గాలు చేస్తే, ఐదేళ్లు బతికినవారు అనుకూల వర్గంలో 96 శాతం, మధ్యస్థ వర్గంలో 89 శాతం, ప్రతికూల వర్గంలో 67 శాతం. డీఎన్ఏ దెబ్బతింటే సరిచేసుకోవడం కన్నా చనిపోవడానికే మొగ్గే గుణం బీజకణాలకు ఉండడం, కణితికి కూడా అది సంక్రమించడం ఈ విజయానికి ఒక కారణం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వారికి మాత్రం ఒక చిక్కు ఉంది. సిస్‌ప్లాటిన్ శరీరం నుంచి బయటికి పోయే దారి మూత్రపిండాలే. పోతూ పోతూ వాటిని దెబ్బతీస్తుంది కూడా. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో తెలిసిందే కాబట్టి, అక్కడి యువకుడికి ఈ మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూడడం, సెలైన్ బాగా ఎక్కించడం, మెగ్నీషియం గమనించడం మరింత ముఖ్యం. కిడ్నీకి తేలికగా ఉంటుందని కార్బోప్లాటిన్‌కు మారితే, పాకిన జబ్బులో ఫలితం తగ్గుతుందని రోగులపై జరిపిన పరీక్షల్లో తేలింది. చెవుడు, అరికాళ్ల తిమ్మిరి కూడా సిస్‌ప్లాటిన్ వల్ల రావచ్చు. తోడుగా ఇచ్చే బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను గాయపరచవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు కీమో మొదలుకాకముందే వీర్యాన్ని భద్రపరచుకోవాలి. ఈ మాట అడగడానికి కుర్రాళ్లు మొహమాటపడతారు కాబట్టి డాక్టరే ముందుగా ఎత్తాలి.

జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. ఆ వయసు మగవారిలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్ చేపల పడవల మీదనో, చెన్నై, హైదరాబాద్ కట్టడాల దగ్గరనో ఉంటారు. ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ రక్తపరీక్షలు ఆ ఊళ్లలోనూ చేయించుకోవచ్చు. పాత అంకెలతో పోల్చి చూడాలి కాబట్టి, రిపోర్టుల ఫైలు ఇంట్లో పెట్టెలో కాకుండా వారి సంచిలోనే ఉండాలి.