ఆరోగ్య చాట్‌బాట్లను ఎవరు ఎలా వాడుతున్నారు: అపోహలు - వాస్తవాలు

నేడు చాలామంది రోగులు తమ లక్షణాలను ముందు చాట్‌బాట్‌కు చెప్పుకొని, ఆ తరవాతే వైద్యుల వద్దకు వస్తున్నారు. వారందరినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లనే ఈ విషయంలో అపోహలు పెరుగుతున్నాయి.

అపోహ: ఇది కుర్రకారు వ్యవహారం, పెద్దవారికి దీనితో పనిలేదు.

వాస్తవం: అమెరికాలో ఆరోగ్య విధానాలపై పరిశోధన చేసే కేఎఫ్‌ఎఫ్ సంస్థ 2024లో జరిపిన సర్వే ప్రకారం, ఆరోగ్య సమాచారం కోసం నెలకు ఒక్కసారైనా చాట్‌బాట్‌ను అడిగేవారు వయోజనుల్లో 17 శాతం, 30 ఏళ్ల లోపువారిలో 25 శాతం. తేడా ఉన్నమాట నిజమే. అయితే పెద్దవారి విషయంలో ఒక్కోసారి బాధ వారిది, టైపు చేసేది పిల్లలు. "నాన్నకు మంచం మీది నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి" అని కొడుకు రాస్తాడు. ప్రోస్టేట్ ఇబ్బందికి కొత్తగా టామ్సులోసిన్ అనే మందు మొదలుపెట్టిన సంగతి అతనికి తెలియకపోవచ్చు. తెలిసినా, ఆ మందు వల్ల లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోవచ్చునన్నది తోచకపోవచ్చు. ఆ ఒక్క ముక్క లేని ప్రశ్నకు నీరు తక్కువ తాగడం, రక్తహీనత, చెవి లోపలి సమస్య అంటూ జవాబు వస్తుంది. అందులో తప్పూ ఉండదు, పనికొచ్చేదీ ఉండదు.

అపోహ: మనసులోని బాధను యంత్రానికి ఎవరూ చెప్పుకోరు.

వాస్తవం: మనిషి ముందు నోరు విప్పడానికి జంకేవారిలో కొందరు యంత్రానికి చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సా సేవలపై 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోగులు స్వయంగా నమోదు చేసుకోవడానికి చాట్‌బాట్ పెట్టినచోట నమోదులు 15 శాతం పెరిగాయి, లేనిచోట 6 శాతమే పెరిగాయి. మైనారిటీ జాతులవారిలో ఆ పెరుగుదల 29 శాతం. ఆ చాట్‌బాట్ చికిత్స జోలికి పోలేదు, వివరాలు తీసుకొని మనుషులకు అప్పగించింది. నా దృష్టిలో అదే కీలకం.

అపోహ: చాట్‌బాట్‌కు వైద్యం బాగా తెలిస్తే, వాడేవారికీ మేలు జరిగినట్టే.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 1,298 మందికి కల్పిత రోగ సందర్భాలు ఇచ్చి పరీక్షించారు. ఆ వివరాలను పరిశోధకులే నేరుగా అందించినప్పుడు చాట్‌బాట్లు 94.9 శాతం సందర్భాల్లో సరైన వ్యాధిని గుర్తించాయి. అవే చాట్‌బాట్లతో సామాన్యులు మాట్లాడినప్పుడు మాత్రం ఆ సంఖ్య 34.5 శాతం కూడా దాటలేదు. చాట్‌బాట్ లేకుండా తమకు తోచిన మార్గాల్లో వెతుక్కున్నవారికంటే వీరు మెరుగుగా ఏమీ లేరు. మెదడు పొరల్లో రక్తస్రావాన్ని సూచించే ఒకే సందర్భాన్ని ఇద్దరు కాస్త వేర్వేరుగా వర్ణించగా, ఒకరికి చీకటి గదిలో పడుకోమని, మరొకరికి వెంటనే ఆసుపత్రికి వెళ్లమని సలహా వచ్చింది. అందుకే నేను రోగితో "అది ఏం చెప్పింది?" అనడానికి ముందు "మీరు ఏమని అడిగారు, చూపించండి" అంటాను. ఏది చెప్పాలో, ఏది వదిలేయవచ్చో తెలియడమే సగం వైద్యం. దాన్ని ఇప్పుడు రోగి నెత్తిన పెడుతున్నాం.

అపోహ: ప్రమాదం చదువు తక్కువవారికే.

వాస్తవం: రాతలో తడబడేవారికి నష్టం ఉన్నమాట నిజమే. అక్షరదోషాలు, అనిశ్చితమైన మాటలు ఉన్న సందేశాలకు "ఇంట్లోనే చూసుకోండి" అనే సలహా 7 నుంచి 9 శాతం ఎక్కువగా వస్తుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో తేల్చారు. అయితే అదే ఏడాది ఒక వైద్య పత్రికలో వచ్చిన ఉదంతంలోని 60 ఏళ్ల వ్యక్తి కళాశాలలో పోషకాహార శాస్త్రం చదివినవాడు. చాట్‌జీపీటీని సంప్రదించాక, ఆహారంలో ఉప్పుకు బదులు సోడియం బ్రోమైడ్ అనే రసాయనాన్ని మూడు నెలలు వాడి, భ్రమలతో, తీవ్ర అనుమానాలతో ఆసుపత్రి పాలయ్యాడు. ఉప్పులో ఉండే క్లోరైడ్‌కు బదులుగా ఏం వాడవచ్చునని ఆ ఉదంతాన్ని రాసిన వైద్యులు స్వయంగా చాట్‌జీపీటీని అడిగి చూస్తే బ్రోమైడ్ పేరు వచ్చింది. ఎందుకు అడుగుతున్నారన్న ఎదురుప్రశ్న మాత్రం రాలేదు.